టోల్‌గేటు దాటగానే బండి చతికిలపడుతోంది, టర్బో మార్చాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. స్కూలు టీచరుగా పనిచేస్తున్నాను. ఏడాది కిందట విజయవాడలో ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నాం. 2021 మోడల్, మాన్యువల్ గేరు. రోజూ ఇంటి నుంచి స్కూలుకు వెళ్లి రావడమే, నాలుగైదు కిలోమీటర్లకు మించి తిరగదు. నెలకోసారి మాత్రం నాన్నగారిని విజయవాడ ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి హైవే ఎక్కుతాను. రెండు నెలల కిందట కాజ టోల్‌ప్లాజా దాటి వేగం అందుకుంటుండగా ఒక్కసారిగా పికప్ పోయింది. పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అరవై దాటలేదు. వెనక లారీలు ఒకటే హారన్లు. పక్కకు ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే మామూలైపోయింది. తరువాతి నెల కనకదుర్గ వారధి ఎక్కుతుంటే మళ్లీ అంతే. ఈ మధ్య స్కూలు దారిలో డబ్బాలో చుక్కలున్నట్టు ఇంకో లైటు కూడా వెలిగి ఆరింది. వీధి చివరి షెడ్డులో మెకానిక్ స్కానర్ పెట్టి ‘పి0299, పి2463’ అని కాగితం మీద రాసిచ్చి, రెండూ చెరిపేశాడు. పది రోజులకు మళ్లీ వచ్చింది. పెద్ద గ్యారేజీలో చూపిస్తే టర్బో, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరట) రెండూ పోయాయి, లక్షన్నర దాటుతుందన్నారు. మా తమ్ముడి స్నేహితుడు ఆ ఫిల్టర్ పీకించేసి సాఫ్ట్‌వేర్ మార్పిస్తే పీడ వదులుతుందంటున్నాడు. నాన్నగారేమో ‘మా అంబాసిడర్ ఎప్పుడైనా ఇలా నడిరోడ్డు మీద మొరాయించిందా’ అంటున్నారు. అసలు కారు తనంతట తాను శక్తి తగ్గించుకోవడం ఏమిటి? ఏం చేయమంటారు?

సమాధానం: ముందు డబ్బు సంగతి. టర్బోకు గానీ, డీపీఎఫ్‌కు గానీ ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. మీరు రాసిన వివరాలు చదివితే నా అనుమానం మొదట టర్బోకూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాల మీదికీ, వాటి క్లిప్పుల మీదికీ పోతోంది. బండిని చూడకుండా తీర్పు చెప్పలేను. కానీ లక్షన్నర పెట్టే ముందు ఒక పూట కూర్చుని వెతకదగ్గ అనుమానమే ఇది. ఎందుకో చెప్పాలంటే మీ కారు ఆ క్షణంలో ఏం చేసిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మీ బండి వెళ్లినదాన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు సెన్సర్ల లెక్కలు చూసుకుంటూ ఉంటుంది. గాలి ఎంత వచ్చింది, ఏ ఒత్తిడితో వచ్చింది, డీజిల్ ఎంత పోశాను, పొగ ఎంత వేడిగా ఉంది, డ్రైవరు పెడల్ ఎంత తొక్కాడు, ఇలా. ఒక లెక్క ఉండాల్సిన హద్దులో లేకపోయినా, రెండు లెక్కలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా అది కొంతసేపు చూస్తుంది. అప్పటికీ సర్దుకోకపోతే డీజిల్ తగ్గిస్తుంది, టర్బో ఒత్తిడి తగ్గిస్తుంది, చాలా బళ్లలో ఇంజన్‌ను నిమిషానికి 2500 నుంచి 3000 చుట్ల దగ్గరే ఆపేస్తుంది. పూర్తిగా మాత్రం ఆపదు. ఇంటికో, షెడ్డుకో చేరేంత బలం మిగులుస్తుంది. స్టీరింగు, బ్రేకులు మామూలుగానే పనిచేస్తాయి. మీరు అరవై దగ్గర ఆగిపోయింది ఇందుకే.

ఇందులో రెండు ఉద్దేశాలున్నాయి. ఒకటి ఖరీదైన సామాను కాపాడుకోవడం, రెండోది మనిషిని కాపాడటం. రెండోది చాలామందికి తెలియదు కాబట్టి ముందు అదే చెబుతాను. పాత బళ్లలో యాక్సిలరేటర్ నుంచి ఇంజన్‌కు తీగ ఉండేది. ఇప్పుడు తీగ లేదు, పెడల్ దగ్గర సెన్సర్ ఉంది, ఒకటి కాదు, రెండు. చాలా బళ్లలో ఒకటి చూపించే వోల్టేజీకి రెండోది సరిగ్గా సగం చూపించాలి. ఆ నిష్పత్తి తప్పిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబితే న్యాయమూర్తి ఇద్దరినీ పక్కన పెట్టినట్టు, కంప్యూటర్ కూడా అప్పుడు పెడల్ మాటను పూర్తిగా నమ్మదు, శక్తి తగ్గించేస్తుంది. అలా చేయకుండా ఎక్కువ చూపిస్తున్న సెన్సర్‌నే నమ్మిందనుకోండి, మీరు కాలు తీసినా బండి దూసుకుపోయే ప్రమాదం ఉంది. లారీ హారన్ చిరాకే, ఒప్పుకుంటాను. కాలు తీసినా ఆగని బండి అంతకంటే ఎన్నో రెట్లు భయంకరం.

మీ బండిలో అయితే పెడల్ కోడ్ లేదు. పి0299 అంటే టర్బో నుంచి రావాల్సినంత ఒత్తిడితో గాలి రాలేదని అర్థం. పి2463 అంటే సైలెన్సర్ దారిలో ఉన్న డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్‌లో, మసి ఎక్కువగా పేరుకుందని. ఈ రెండు వాక్యాల్లో ఎక్కడైనా టర్బో పోయిందని గానీ, ఫిల్టర్ పోయిందని గానీ ఉందా? లేదు. కోడ్ అనేది కంప్యూటర్‌కు నచ్చని లెక్క పేరు. ఏ సామాను చెడిందో అది చెప్పదు, చెప్పలేదు. ఈ తేడాను పక్కన పెట్టి కోడ్‌లో కనిపించిన పేరునే బిల్లులో రాసేయడం మన దగ్గర చాలా షెడ్లలో మామూలైపోయింది. పెద్ద ఏసీ గ్యారేజీలు కూడా ఇందుకు మినహాయింపేమీ కాదు.

ఇప్పుడు అసలు కథ. టర్బో అనేది ఇంజన్ వదిలే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపడం దాని పని. కారు టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. అది నొక్కిన గాలి లావుపాటి రబ్బరు గొట్టాల గుండా ఇంటర్‌కూలర్‌కు, అక్కడ చల్లబడి మరో గొట్టం గుండా ఇంజన్‌కు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడో గొట్టం చీలిందనుకోండి, లేదా క్లిప్పు వదులైందనుకోండి. స్కూలు దారిలో రెండో గేరు, మూడో గేరులో మెల్లగా పోతున్నంత సేపు ఇంజన్‌కు అంత గాలి అక్కర్లేదు, కాబట్టి ఏమీ తెలియదు. టోల్ దగ్గర ఆగి, మళ్లీ వేగం అందుకోవడానికి గట్టిగా తొక్కినప్పుడే కంప్యూటర్ ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది. గాలి ఆ చీలికలోంచి బయటికి పోతుంది. ఒత్తిడి చాలలేదని కంప్యూటర్ టర్బోను ఇంకా తిప్పమంటుంది. అది ఇంకా తిరుగుతుంది, గాలి ఇంకా పోతుంది. ఇలాగే వదిలేస్తే ఆ చిన్న చక్రం తట్టుకోలేని వేగానికి వెళ్లి బేరింగులు తినేసుకుంటుంది. అంతవరకు రాకుండా కంప్యూటర్ చేతులెత్తేసి లింప్ మోడ్‌లోకి పోతుంది. మీ బండి రెండుసార్లూ సరిగ్గా బరువు పడ్డప్పుడే, ఒకసారి టోల్ దాటి వేగం పెంచుతుండగా, ఇంకోసారి వారధి ఎక్కుతుండగా, మొరాయించిందని గమనించండి.

మరి మసి? మొదటి కోడ్‌కూ దీనికీ చుట్టరికం ఉంది. గాలి ఎంత వచ్చిందో కొలిచే సెన్సర్ టర్బోకంటే ముందే, ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉంటుంది. అది కొలిచాక దారిలో గాలి పోయిందన్న సంగతి దానికి తెలియదు. కొలిచిన గాలికి సరిపడా డీజిల్‌ను కంప్యూటర్ పోస్తుంది, తీరా ఇంజన్‌లోకి చేరేది అంతకంటే తక్కువ గాలి. గాలి చాలని డీజిల్ మసిగా మారుతుంది. పాత బండి అయితే వెనక నల్లటి పొగ వచ్చి వీధిలో అందరికీ తెలిసేది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్లలో డీపీఎఫ్ ఆ పొగను బయటికి రానివ్వదు, మసినంతా తనలోనే దాచుకుంటుంది. పైగా మీది నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడు. ఆ మసి తగలబడాలంటే ఫిల్టర్‌లో సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. బ్రాడీపేట వీధుల్లో అంత వేడి ఎక్కడ పుడుతుంది? ఇంజన్ వేడెక్కేలోపే స్కూలు వచ్చేస్తుంది. అందుకే చుక్కల డబ్బా లైటు వెలిగింది. కాబట్టి రెండు కోడ్‌లు ఉన్నంత మాత్రాన రెండు సామాన్లు పోయాయనుకోనక్కర్లేదు. ఒక చీలిన గొట్టం, దానికి తోడు చిన్న ప్రయాణాలు, ఈ రెండూ కలిస్తే రెండు కోడ్‌లూ వస్తాయి.

బండిని ఆపి తాళం తీసి వేస్తే మామూలైపోయిందని రాశారు చూశారా, నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ వాక్యమే. ఒత్తిడికి సంబంధించిన తప్పయితే చాలా బళ్లలో తాళం తీయగానే లింప్ మోడ్ వదులుతుంది. మళ్లీ స్టార్ట్ చేశాక కంప్యూటర్ కొత్తగా పరీక్ష మొదలుపెడుతుంది, గట్టిగా తొక్కే వరకు తప్పు కనిపించదు. మసి లెక్క అలా కాదు, దాన్ని కంప్యూటర్ దాచిపెట్టుకుంటుంది. తాళం తీసినంత మాత్రాన మసి ఎక్కడికీ పోదు కదా. అంటే హైవే మీద మిమ్మల్ని ఆపింది మొదటి కోడే అయ్యే అవకాశం ఎక్కువ. ముందు దాని సంగతి చూడాలి.

ఇక షెడ్డుకు వెళ్లినప్పుడు ఏం అడగాలి? గుంటూరు ఆటోనగర్‌కు వెళ్లినా, విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్లినా చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు. అడగాల్సినది మనం అడగాలి, అంతే. మొదటి మాట, కోడ్ చెరపవద్దని చెప్పండి. కోడ్‌తో పాటు కంప్యూటర్ ఆ క్షణపు లెక్కలను కూడా భద్రపరుస్తుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. తప్పు పట్టుబడినప్పుడు ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, వేగం ఎంత, ఇంజన్ మీద బరువు ఎంత శాతం, నీళ్ల వేడి ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మీ వీధి చివరి మెకానిక్ కోడ్ చెరిపినప్పుడు ఇదంతా పోయింది. జబ్బు ఏమిటో రాసి ఉన్న కాగితాన్ని చింపేసి, జబ్బు తగ్గిందన్నట్టు. ఈసారి స్కానర్ పెట్టగానే ఆ తెరను మీ ఫోనుతో ఫోటో తీసుకోండి. స్కానర్ సాకెట్ స్టీరింగు కింద మీ మోకాళ్ల దగ్గరే ఉంటుంది, 16 పిన్నులది. అడాప్టర్ కొనుక్కుంటే మీ ఫోనులోనే చూసుకోవచ్చు కూడా. దాని వల్ల ఒకే ఒక్క చిక్కు, చెరిపే బటన్ అందులోనూ ఉంటుంది, చెయ్యి ఊరుకోదు.

తరువాత గొట్టాలు. ఇంజన్ ఆపి, కాస్త చల్లారాక, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రెండు లావు గొట్టాలను చేత్తో వంచి, పిసికి చూడమనండి. పైనుంచి చూసి బాగానే ఉన్నాయని చెబితే ఒప్పుకోకండి. చీలిక సాధారణంగా మడత పడే చోట, కింది వైపు ఉంటుంది. గొట్టం ఊరికే ఉన్నప్పుడు రెండు పెదవులు మూసుకున్నట్టే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితేనే నోరు తెరుస్తుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి ఇంజన్ ఆన్ చేస్తే ఏమీ దొరకదు. దొరికే గుర్తు ఇంకొకటి ఉంది. గొట్టంలోంచి గాలితో పాటు సన్నటి నూనె ఆవిరి కూడా వస్తుంది, చీలిక చుట్టూ తడిగా నల్లబడి దాని మీద దుమ్ము విసనకర్ర ఆకారంలో అంటుకుంటుంది. అతుకుల దగ్గర కొంచెం నూనె చెమ్మ మామూలే, దానికి భయపడనక్కర్లేదు. విసనకర్ర కనబడితే మాత్రం దొంగ దొరికినట్టే. గట్టిగా తొక్కినప్పుడు బానెట్ కింద నుంచి బుస్సుమనే చప్పుడు ఈ మధ్య కొత్తగా వినిపిస్తోందేమో మీరూ గుర్తు తెచ్చుకోండి. కంటికి దొరకకపోతే గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూసే యంత్రం కొన్ని షెడ్లలో ఉంది. ఇంటర్‌కూలర్ కూడా అప్పుడే తేలిపోతుంది, ముందు వైపు ఉంటుంది కాబట్టి రాళ్ల దెబ్బలు దానికే తగులుతాయి.

గొట్టాలు బాగుంటే ఎయిర్ ఫిల్టర్ చూడాలి, ఆ తరువాత ఒత్తిడి కొలిచే సెన్సర్. దాని మూతి మసితో పూడిపోతే తప్పు లెక్క చూపిస్తుంది, విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది. ఆ తరువాత టర్బోను అదుపు చేసే భాగం. కొన్ని బళ్లలో అది సన్నటి రబ్బరు పైపు ద్వారా పనిచేస్తుంది, ఆ పైపు పెన్సిలంత లావు కూడా ఉండదు, పగిలితే కనబడదు, దాని ఖరీదు టర్బో ఖరీదు ముందు లెక్కలోకే రాదు. ఇవన్నీ అయ్యాక, ఒక మనిషి పక్కన కూర్చుని స్కానర్ పట్టుకుని ఉండగా బండిని హైవే మీద నడిపి చూడాలి. కంప్యూటర్ అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి రెండూ తెర మీద పక్కపక్కనే కనిపిస్తాయి. అడిగింది 2.1 బార్, వచ్చింది 1.5 బార్ అని కనిపిస్తే లోటు నిజమే. ఈ పరీక్ష చేయకుండా టర్బో పోయిందని ఎవరు చెప్పినా అది ఊహ మాత్రమే.

అప్పటికీ టర్బో మీదే అనుమానం నిలిస్తే, పోయిందన్న రుజువు చూపించమని అడగండి. గాలి లోపలికి వెళ్లే వైపు గొట్టం విప్పితే చక్రం కనిపిస్తుంది. దాని కొనను పట్టి పక్కలకు కదిపితే కొద్దిగా ఊగడం మామూలే, మధ్యలో నూనె పొర కోసం ఖాళీ ఉంటుంది. ముందుకీ వెనక్కీ కదలకూడదు. రెక్కల అంచులు గోడకు రాసుకున్న గీతలు ఉన్నా, రెక్కలు విరిగి ఉన్నా, నూనె చుక్కలు కాదు, మడుగు కట్టి ఉన్నా అప్పుడు టర్బో మాట నిజం. ఇవేమీ చూడకుండానే మార్చమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారన్నమాట.

సెకండ్ హ్యాండ్ బండి, అదీ విజయవాడలో కొన్నానన్నారు కాబట్టి ఒక పక్క మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అలాంటి బళ్లు కడిగి, మెరుగు పెట్టి చేతులు మారడం ఏ వరద తరువాతనైనా జరిగేదే. మీది అలాంటిదని అనడం లేదు, చూసుకోవడం మంచిది. సీటు బెల్టును చివరంటా బయటికి లాగండి, మొదట్లో బురద చార కనిపిస్తుందేమో చూడండి. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, హెడ్‌లైటు లోపలి నీటి గీత కూడా. వైరింగ్ సాకెట్లు విప్పితే లోపల పచ్చటి పొడి కనబడితే నీళ్లు తాగిన బండే. అలాంటి బండిలో కోడ్‌లు ఒకటీ రెండూ రావు, గుంపుగా వస్తాయి. చాలా సెన్సర్లకు కంప్యూటర్ నుంచి ఒకే 5 వోల్టుల సరఫరా అందుతుంది, అందులో ఒక్క తీగ కలిసిపోయినా మిగతావన్నీ తప్పుగా చూపిస్తాయి. ఎలుకలు కొరికిన వైరింగ్‌తోనూ ఇదే తంతు, వానాకాలంలో వెచ్చటి ఇంజన్ కింద కాపురం పెట్టడం వాటికి ఇష్టం. బ్యాటరీ దిగిపోయినా, ఎర్త్ తీగ వదులైనా అంతే. మీకు వచ్చినవి రెండే, అవీ ఒకదానికొకటి పొసిగేవి, కాబట్టి నాకు వైరింగ్ మీద అనుమానం తక్కువ.

గొట్టం దొరికి, మార్చి, కోడ్ చెరిపాక డీపీఎఫ్ సంగతి. ఇందులో వరస తప్పకూడదు. గాలి కారడం ఆగకముందే మసి తగలబెడితే నెల తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. చుక్కల డబ్బా లైటు వెలగకుండా ఉంటే, లేదా వెలిగినా నిలకడగా వెలుగుతూ బండి బలం తగ్గకుండా ఉంటే, ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి చిలకలూరిపేట దాకా వెళ్లి రండి. డెబ్బై ఎనభై వేగంలో, నాలుగో గేరులోనో ఐదో గేరులోనో, ఇంజన్ 2000 చుట్లకు తగ్గకుండా, ఆగకుండా ఇరవై నిమిషాలైనా పోవాలి. ట్యాంకులో డీజిల్ పావు వంతుకు పైగా ఉండాలి, రిజర్వులో ఉంటే చాలా బళ్లు ఈ పని మొదలే పెట్టవు. మసి కాలుతున్నప్పుడు మైలేజీ తగ్గుతుంది, ఆపితే రేడియేటర్ ఫ్యాను జోరుగా తిరుగుతూ ఉంటుంది, వేడి వాసన వస్తుంది. మధ్యలో ఆపవద్దు. ఆపక తప్పకపోతే రోడ్డు పక్క ఎండుగడ్డి మీద మాత్రం ఆపవద్దు, కింద సైలెన్సర్ దారి నిప్పులా ఉంటుంది. లైటు వెలుగుతూ బలం కూడా తగ్గి ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోకండి, స్కానర్‌తో షెడ్డులోనే మసి కాల్పించాలి. అది కూడా కుదరనంత నిండితే ఫిల్టర్ విప్పి శుభ్రం చేసేవాళ్లున్నారు. కొత్తది కొనడం చిట్టచివరి మాట.

ఇంకొకటి, ఇంజన్ ఆయిల్ గేజి కడ్డీ బయటికి లాగి చూడండి. నూనె పై గీతను దాటి ఉంటే సంతోషించకండి. మసి కాల్చడానికి బండి అదనంగా డీజిల్ పోస్తుంది, మీరు మధ్యలో స్కూలు దగ్గర ఆపేసినప్పుడల్లా అందులో కొంత నూనెలోకి దిగుతుంది. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ తెలుస్తుంది. అలా ఉంటే నూనె మార్చాల్సిందే, పలచబడ్డ నూనె టర్బో బేరింగులకు ఆనదు. మార్చేటప్పుడు డీపీఎఫ్ ఉన్న బళ్లకు చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి. ఏ గ్రేడు అన్నది మీ మాన్యువల్‌లో ఉంటుంది, డబ్బా మీద అదే ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

మీ తమ్ముడి స్నేహితుడి సలహా వినకండి. ఫిల్టర్ పీకి, సాఫ్ట్‌వేర్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోని మార్పు. చట్టం సంగతి అటుంచండి, ఆ గొట్టం చీలిక అలాగే ఉంటుంది, టర్బో అలాగే మితిమీరి తిరుగుతుంది, హెచ్చరించే లైటు మాత్రం ఉండదు. రేపు బండి అమ్మేటప్పుడు, బీమా క్లెయిమ్ పెట్టేటప్పుడు ఆ మార్పు మీ మెడకే చుట్టుకుంటుంది. స్కూలు దగ్గర బండి ఆపి మసి పొగ వదిలితే పీల్చేది మీ పిల్లలే.

మళ్లీ హైవే మీద ఇలా జరిగితే ఏం చేయాలో కూడా చెప్పాలి, మీతో పెద్దాయన ఉన్నారు కదా. కంగారుగా బ్రేకు కొట్టకండి, వెనకవాళ్లకు మీ బలం తగ్గిందని తెలియదు. నాలుగు లైట్లూ ఒకేసారి మినుకుమనే హజార్డ్ బటన్ నొక్కి, అద్దంలో చూసుకుంటూ ఎడమ వైపు లైనులోకి రండి. మీటరులో లైట్ల రంగు చూడండి. పసుపు ఇంజన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే, వారధి మీదో, మలుపులోనో ఆపకుండా, మెల్లగా నడుపుకుంటూ బంకుకో విశాలమైన చోటికో చేరండి. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ గానీ, ఎర్రటి థర్మామీటరు బొమ్మ గానీ వెలిగితే అది వేరే సంగతి, వీలైనంత త్వరగా భద్రంగా పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి, మెకానిక్ వచ్చే వరకు మళ్లీ స్టార్ట్ చేయవద్దు. బండి కదులుతుండగా తాళం తీసి వేసే ప్రయోగం ఎప్పుడూ చేయకండి, స్టీరింగు బిగుసుకుంటుంది. ఆగాక మనుషులు దిగి రెయిలింగు అవతల నిలబడాలి, కారు వెనక నిలబడకూడదు. జాతీయ రహదారి మీద సహాయానికి 1033 నంబరు ఉంది. ఆపి, తాళం తీసి వేస్తే మామూలైందనుకోండి, మిగతా దారి నిదానంగా పొండి, ఓవర్‌టేకులు పెట్టుకోకండి. చీలిక మానిపోయి బండి బాగుపడలేదు, గట్టిగా తొక్కే వరకు ఊరుకుంటోంది, అంతే.

మీలాగే రాసే పెట్రోలు, ఆటోమేటిక్ బళ్లవాళ్ల కోసం రెండు ముక్కలు. పెట్రోలు బండిలో లింప్ మోడ్‌కు మొదట చూడాల్సింది మురికి పట్టిన థ్రాటిల్, తరువాత పెడల్ సెన్సర్, బ్రేకు పెడల్ దగ్గరి చిన్న స్విచ్. ఇంజన్ లైటు నిలకడగా కాక మినుకుమినుకుమంటుంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా కాలడం లేదని, ఎక్కువ దూరం నడిపితే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుందని గుర్తు. కొన్ని ఆటోమేటిక్ బళ్లు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ కదలడంతో క్లచ్ వేడెక్కి ఒకే గేరులో ఇరుక్కుంటాయి. చల్లారితే వదులుతాయి, మాటిమాటికీ అలా అయితే చూపించాలి.

నాన్నగారి అంబాసిడర్ విషయానికి వస్తే, ఆయన చెప్పింది నిజమే, అది తనంతట తాను ఎప్పుడూ శక్తి తగ్గించుకోలేదు. రేడియేటర్‌లో నీళ్లు మరిగినా, నూనె అయిపోయినా తొక్కినంత పోయేది. ఆవిరి వచ్చి బానెట్ తీసి చూసేసరికి హెడ్ వంగిపోయి ఉండేది. ఆ రోజుల్లో హెడ్ గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్పించారో ఆయన్నే ఒకసారి అడగండి.

గొట్టాలు చూపించాక ఏం దొరికిందో రాయండి. దొరకకపోతే ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటోలోని అంకెలు, అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి, బండి ఇప్పటిదాకా తిరిగిన కిలోమీటర్లు, చివరిసారి పోయించిన నూనె గ్రేడు కలిపి రాయండి. వాటిని చూసి తరువాత ఎటు వెతకాలో చెబుతాను. ఈలోగా నాన్నగారి ఆసుపత్రి తేదీ వస్తే బస్సులోనో, వేరే కారులోనో వెళ్లండి.